ఎన్నిక నిష్పక్షపాతంగా జరిగితే చాలదు, జరిగిందని తేలాలి

2024 లోక్‌సభ ఎన్నికలు ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 వరకు ఏడు దశల్లో జరిగాయి. దాదాపు 97 కోట్ల మంది ఓటర్లకు పదిన్నర లక్షల పోలింగ్ కేంద్రాలు ఏర్పాటు చేశారు. 64 కోట్ల మందికి పైగా ఓటేశారు. నిర్వహణ పరంగా ఇది అసాధారణం. అయినా ఎన్నికల సంఘం మీద అనుమానాలు ఆగలేదు. ఎందుకు?

పాలక బీజేపీకి 240 స్థానాలే వచ్చాయి కాబట్టి ఎన్నిక సక్రమంగానే జరిగిందని కొందరంటారు. ఈ వాదన నిలవదు. ఎవరు గెలిచారన్నది ప్రక్రియ నాణ్యతకు కొలమానం కాదు. అలాగే, ఓడిపోయామన్నది అక్రమానికి రుజువూ కాదు. ఈవీఎంలపై 2019లో చంద్రబాబు నాయుడు అనుమానాలు వ్యక్తం చేశారు. 2024లో ఓటమి తర్వాత జగన్‌మోహన్ రెడ్డి బ్యాలెట్ పత్రాలే మేలన్నారు. అనుమానం కుర్చీని బట్టి మారుతున్నప్పుడు పార్టీల మాట మీద ఆధారపడలేం. పరీక్షించదగిన ఆధారాలే కావాలి.

మొదటి సమస్య: అంపైర్‌ని ఎవరు ఎంపిక చేస్తున్నారు?

324వ అధికరణం ఎన్నికల పర్యవేక్షణను సంఘానికి అప్పగించింది గానీ కమిషనర్ల ఎంపిక పద్ధతిని పార్లమెంటు చట్టానికి వదిలేసింది. దశాబ్దాలపాటు ఆ చట్టం రాలేదు. 2023 మార్చి 2న అనూప్ బరన్వాల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, చట్టం వచ్చేదాకా ప్రధాని, లోక్‌సభలో ప్రతిపక్ష నేత, భారత ప్రధాన న్యాయమూర్తితో కూడిన కమిటీ ఉండాలని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన చట్టం ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ఒక కేంద్రమంత్రిని పెట్టింది. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వైపే. 2024 మార్చి 14న ఇద్దరు కమిషనర్లు ఇలాగే నియమితులయ్యారు. రెండు రోజులకే షెడ్యూలు వెలువడింది. ఆ ఇద్దరూ సమర్థులే కావచ్చు. కానీ ఆటగాళ్లలో ఒకరే అంపైర్‌ని ఎంచుకుంటే సరైన నిర్ణయం కూడా శంకకు గురవుతుంది.

రెండో సమస్య: లెక్కలు

తొలి రెండు దశల పోలింగ్ రోజు సాయంత్రం సుమారు 60 శాతం అన్నారు. ఏప్రిల్ 30న ప్రకటించిన శాతాలు 66.14, 66.71. చీకటి పడ్డాక కూడా క్యూలు ఉండటం, మారుమూల కేంద్రాల సమాచారం ఆలస్యంగా చేరడం దీనికి సహజ కారణాలే. అయితే మొదటి దశ తర్వాత 11 రోజులు ఎందుకు పట్టింది? ఓట్ల సంఖ్య చెప్పకుండా శాతాలే ఎందుకు ఇచ్చారు? వ్యవహారం కోర్టుకెక్కింది. మే 24న సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశాలివ్వడానికి నిరాకరించింది. మరుసటి రోజే సంఘం అప్పటికి ముగిసిన ఐదు దశల ఓట్ల సంఖ్యలను తనంతట తానే విడుదల చేసింది. ఇవ్వగలిగినది ముందే ఇస్తే సగం అనుమానం పుట్టేదే కాదు.

ప్రతి బూత్‌లో పోలైన ఓట్లను ఫారం 17సీలో నమోదు చేసి, దాని నకలును పోలింగ్ ఏజెంట్లకు ఇవ్వాలి. పెద్ద పార్టీలకు ఇది సరిపోతుంది. ప్రతి బూత్‌లో ఏజెంటును పెట్టలేని స్వతంత్ర అభ్యర్థి సంగతేంటి? వెబ్‌సైట్లో పెడితే చిత్రాలను మార్చి దుష్ప్రచారం చేస్తారన్నది సంఘం అభ్యంతరం. నిజానికి అసలు ప్రతి అధికారిక వెబ్‌సైట్లో ఉంటేనే నకిలీని నిమిషంలో పట్టుకోవచ్చు. ఇందుకు భిన్నంగా 2024 డిసెంబరులో 93వ నిబంధనను సవరించి సీసీటీవీ వంటి ఎలక్ట్రానిక్ రికార్డుల పరిశీలనను పరిమితం చేశారు. తలుపులు మూసే కొద్దీ పుకార్లకు దారి దొరుకుతుంది.

చేయాల్సింది

ఎంపిక కమిటీలో ప్రభుత్వానికి మెజారిటీ లేకుండా చట్టాన్ని సవరించాలి. ఫారం 17సీలను నిర్ణీత గడువులోగా బహిరంగపరచాలి. వీవీప్యాట్ చీటీలు, యంత్రంలోని ఓట్లు సరిపోలాయో లేదో నియోజకవర్గాల వారీగా ప్రకటించాలి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

స్వేచ్ఛాయుత, నిష్పక్షపాత ఎన్నికలు రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని 1975లోనే ఇందిరాగాంధీ–రాజ్ నారాయణ్ కేసులో కోర్టు తేల్చింది. దాన్ని అమలు చేయాల్సింది మాత్రం జిల్లాల్లోనే. సివిల్స్‌కు చదువుతున్న మనలో కొందరు రేపు కలెక్టరుగా, రిటర్నింగ్ అధికారిగా కూర్చుంటారు. ఓడిన అభ్యర్థి వచ్చి లెక్క చూపమంటే కోపగించుకోకుండా కాగితం ముందు పెట్టగలగాలి. ఓడినవాడు కూడా ఒప్పుకున్న ఫలితమే ప్రజాస్వామ్యానికి బలం.