పెండ్లిచూపుల ఫోటోలు

మా బంధువర్గములోని ఒక గృహస్థు తన కుమార్తెకు సంబంధములు వెదకుచున్నాడు. ఆమె ఎం.ఏ. చదివి ఒక కళాశాలలో పాఠములు చెప్పుచున్నది. క్రిందటి నెలలో ఆమెకు ఫోటో తీయించుటకై తల్లి బయలుదేరగా మేమును వెంట వెళ్లితిమి. పని ముగిసిన పిమ్మట స్టూడియోలోని యువకుడు కంప్యూటరు ముందు కూర్చుండి, తల్లివంక తిరిగి, "రంగు కాస్త పెంచమంటారా అమ్మా?" అని యడిగెను. కాఫీలో చక్కెర చాలునా యని యడిగినంత తేలికగా నడిగెను. ఆమెయు, "పెంచు నాయనా, మరీ తెలిసిపోకుండా" అన్నది. పది నిమిషములలో చామనచాయ ముఖము పాలవన్నెకు మారినది. చెక్కిలిమీది పుట్టుమచ్చ మాయమైనది. ముక్కు సన్నబడినది. పిల్ల ఆ చిత్రమును చూచి, "అమ్మా, ఈవిడ ఎవరే?" అన్నది. అందరును నవ్విరి. ఆమె నవ్వలేదు.

ఫోటోలో చక్కగా కనబడవలెనను కోరిక తప్పని మేమనము. చుట్టములు వచ్చునప్పుడు వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టుదుము. అది కపటము కాదు. తల దువ్వుకొని, మంచి చీర కట్టుకొని, కుదురుగా కూర్చుండుటయు నట్టిదే. కాని పొరుగువారి మేడను చూపి మా యిల్లిదే యనుట వేరు సంగతి. మన స్టూడియోలలో నేడు జరుగుచున్నది ఈ రెండవది.

కెమెరా అబద్ధమాడదని లోకోక్తి. ఆడును, మన విషయమున మొదటినుండియు నాడినది. 1839లో డాగెరు పద్ధతి లోకమునకు వెల్లడియైన తరువాత బహుకాలము వాడిన పలకలు నీలికాంతిని మాత్రమే బాగుగా గ్రహించెడివి. ఎరుపును పసుపును వాటికి చీకటితో సమానము. అందుచేత ఎరుపు పసుపులు కలిసిన మన చర్మము, ఉన్నదానికంటె నల్లగా పడెడిది. 1873లో వోగెలను జర్మను శాస్త్రజ్ఞుడు పలకలో తగిన రంగుద్రవ్యము కలిపినచో అది ఇతర కాంతులను గూడ గ్రహించునని కనుగొనెను. అన్ని వర్ణములను గ్రహించు పలకలు 1906లో అంగడికి వచ్చినవి. పాత చిత్రములలోని ముత్తవ్వను చూచి "మన వంశమే నలుపు" అని నొచ్చుకొనువారు ఈ సంగతి నెరుగుదురు గాక. (నలుపైనచో నొచ్చుకొనవలసినదేమో మాకు బోధపడలేదు, అది వేరు మాట.) పిదప రంగుల ఫిల్ములు వచ్చినవి. వాటిని కడిగి అచ్చువేయు చోట్లకు కోడాకు సంస్థవారు సరిచూచుకొనుటకై పంపిన పటములమీద నుండినది తెల్లజాతి స్త్రీ ముఖము. ఆ పటములకు షర్లీ యని పేరు. షర్లీ ముఖము సరిగా పడినచో లోకమంతయు సరిగా పడినట్లే! పలువర్ణముల స్త్రీలు గల పటములు 1990 దశకమున గాని రాలేదు. యంత్రము చేసిన యీ అన్యాయము ఎట్లో తీరినది. ఇప్పుడు మన చర్మపు ఛాయను యథాతథముగా పట్టగల కెమెరాలు ప్రతి చేతిలోను ఉన్నవి. పట్టిన దానిని మనమే తుడిచివేయుచున్నాము.

హైదరాబాదు రాజ్యమున 1892లో లాలా దీనదయాళు స్త్రీలకై ప్రత్యేకముగా జెనానా స్టూడియోను తెరచి, దానినొక ఆంగ్లేయస్త్రీ చేతిలో నుంచెను. స్త్రీ ముఖమును పరపురుషుడు చూడరాదని ఆనాటి పట్టుదల. ఘోషాను నిరసించి మన పెద్దలెంత పోరాడిరో చదువరులెరుగుదురు. అంత పోరాడి బయటికి తెచ్చిన ముఖముమీద మరల నొక తెర వేయుటకు తల్లులే డబ్బిచ్చుచున్నారు.

"అందరును చేయుచుండగా మేమొక్కరము మానినచో పిల్ల సంబంధములు చెడవా?" అని తల్లులందురు. ఈ మాటను మేము తేలికగా తీసివేయము. వారి భయము నిజమైనది. కాని యొక్క విషయము విచారింపుడు. ఫోటోలో రంగు పెంచుదురని వరునివారికి తెలియదా? వారింటను ఆడపిల్లలున్నారు. కనుక వారు చిత్రమును చూడగానే మనస్సులో కొంత తగ్గించియే లెక్కవేయుదురు. దొంగ తూనిక అలవాటైన సంతలో సరియైన తూనికవానికిని నమ్మకము దక్కదు. ఇంతకును లాభపడిన వారెవరు? స్టూడియోవాడు.

తరువాత పెండ్లిచూపుల దినము వచ్చును. పిల్ల పళ్లెముతో వచ్చి నిలుచున్నప్పుడు, వరుని మేనత్తగారి చూపు చేతిలోని ఫోనుమీదనుండి పిల్ల ముఖముమీదికిని, మరల ఫోనుమీదికిని పోవుటను మేము కన్నులార చూచితిమి. ఒక్క మాటయు పలుకలేదు. ఆ పిల్ల తల వంచుకొన్నది. దానిని సిగ్గని పెద్దలు మెచ్చుకొనిరి! పిదప తగ్గిన రంగుకు బదులుగా కట్నము పెరుగును. కట్నమును నిషేధించిన చట్టము 1961లోనే వచ్చినది గదా యని యడుగువారికి మేమేమి చెప్పుదుము? 1975లో పుట్టిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము, 2020లో గ్లో అండ్ లవ్లీ యని పేరు మార్చుకొన్నది. డబ్బామీది అక్షరములు మారినంత సులభముగా మేనత్తల చూపులు మారలేదు. వరుల బట్టతలలకు ఫోటోలలో మొలచు వెండ్రుకల సంగతి మరియొక సంచికకు వాయిదా వేయుచున్నాము.

పాస్‌పోర్టు ఫోటోలో ముఖమును దిద్దరాదని నియమమున్నది. ఎల్లలు దాటించు అధికారికి నిజమైన ముఖము కావలెను. జన్మమంతయు కలిసి బ్రతుకవలసిన వానికి అక్కరలేదా?

"నా ఫోటో నాకే బాగుండదు" అని వాపోవువారికి మాత్రము రెండు మాటలు. దినదినము అద్దములో మనము చూచుకొనునది కుడియెడమలు తారుమారైన ముఖము. ఫోటో దానిని లోకులు చూచు రీతిని చూపును. కావుననే మనకు వింతగా తోచును. 1977లో అమెరికాలో మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కొందరు దీనిని పరీక్షించి, తమకు అద్దపు రూపమును, స్నేహితులకు అసలు రూపమును నచ్చుచున్నవని తేల్చిరి. ఇక ముక్కు మాట. చేయి చాచి తీసికొను సెల్ఫీలో ముక్కు పెద్దదగుట దేవుని తప్పు కాదు. 12 అంగుళముల దూరమున తీసిన చిత్రములో ముక్కు, 5 అడుగుల దూరమున తీసినదానికంటె సుమారు 30 శాతము వెడల్పుగా కనబడునని 2018లో వైద్యులు లెక్కకట్టిరి. ఇంత మాత్రమునకు కత్తికి ముక్కు నప్పగింప బోవువారున్నారని వినుచున్నాము. ఐదారడుగుల దూరము నుండి, కన్నులకు సరియైన ఎత్తున తీయుడు. నడినెత్తి యెండ పనికిరాదు. కన్నుల క్రింద నీడలు పడును. ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టుడు. ముఖమునకు పౌడరు దట్టింపకుడు. "నవ్వు, నవ్వు" అని తొందరపెట్టక, ఆమెకిష్టమైన దేదో మాటలాడించుచు తీయుడు.

మా బంధువు కుమార్తె స్టూడియో చిత్రమును పంపనీయలేదు. మూడు దినములు తల్లియు కూతురును మాటలాడుకొనలేదు. నాలుగవ నాటి సాయంకాలమున పెరటివైపు కిటికీ కడ, ఆమె తమ్ముడు ఫోనుతో నొక ఫోటో తీసెను. పుట్టుమచ్చ ఉన్నచోటనే యున్నది. తండ్రి దానిని చాలసేపు చూచి, "అచ్చం మా అమ్మే" అన్నాడు. తల్లి ఏమియు ననలేదు. కాని వాట్సాపులో ఆ ఫోటోనే వరునివారికి పంపినది ఆమెయే. ఇది వ్రాయునాటికి రెండు వారములైనది. జవాబు రాలేదు. మరియొక ఫోటో తీయింతునా యని తల్లి నిన్న యడిగినదట, పిల్ల వలదన్నది.