నిద్ర తీరని కళ్లకు చదువెలా ఎక్కుతుంది?

తెల్లవారుజామున అయిదున్నరకు మా కంపెనీ బస్సు షార్జాలో బయల్దేరే వేళకు వీధి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. మాతోపాటు రోడ్డు మీద కనిపించేది స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లలే. భుజాన బరువు సంచి, మూతలు పడే కళ్లు. మాదంటే కూలి, తప్పదు. హైస్కూలు పిల్లలకు ఈ శిక్ష ఎందుకు?

ఏడున్నర లోపే మొదటి గంట కొట్టే బడులు ఇక్కడున్నాయి. హైస్కూలు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలు కాకూడదు.

'పెందలాడే పడుకుంటే పెందలాడే లేస్తారు కదా' అని పెద్దలంటారు. చిన్నపిల్లల విషయంలో అది నిజమే. ఈడు వచ్చిన పిల్లలకు మాత్రం ఒంట్లో నిద్రను తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. మంచమెక్కినా పదకొండు దాకా కన్ను మూతపడదు. అది బద్ధకం కాదు, వయసు లక్షణం. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పదకొండుకు పడుకుని అయిదుకు లేచే పిల్లకు దక్కేది ఆరు గంటలే.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే ఎనిమిదిన్నరకు ముందు బడి వద్దంది. కాలిఫోర్నియా 2019లో హైస్కూళ్లకు ఆ మేరకు చట్టం చేసి, 2022 జూలై నుంచి అమలు చేసింది. సియాటిల్‌లో 2016లో హైస్కూలు వేళను 7.50 నుంచి 8.45కి జరిపారు. పిల్లలు ఆ మేరకు రాత్రి ఇంకా ఆలస్యం చేస్తారేమో అనుకున్నారు. కొలిచి చూస్తే నిద్ర 34 నిమిషాలు పెరిగింది.

ఇబ్బందులు లేవని కాదు. ఫ్లోరిడా 2023లో ఇలాంటి చట్టమే చేసి, బస్సులు, ఖర్చులు కుదరక 2025లో వెనక్కి తగ్గింది. ఒకే బస్సు రెండు ట్రిప్పులు తిరగాల్సిన చోట దారి ఒకటుంది: తొందరగా నిద్రపోయే చిన్నపిల్లలను మొదటి ట్రిప్పులో, పెద్దవాళ్లను రెండో ట్రిప్పులో పంపాలి. సియాటిల్‌లో చాలావరకు చేసింది అదే.

గల్ఫ్‌లో వేళలు మార్చడం కొత్త కాదు. యూఏఈలో 2005 నుంచి వేసవిలో మధ్యాహ్నం ఎండలో పని ఆపిస్తున్నారు. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట పని నిషేధం. రంజాన్ నెలలో బడుల వేళలు, మన పని గంటలు రెండూ మారతాయి. మనిషి ఒళ్లు ఎండకు తట్టుకోదని గడియారం మార్చినవాళ్లు, పిల్లల ఒళ్లు నిద్రలేమికి తట్టుకోదని ఎందుకు మార్చలేరు? రాత్రంతా స్లాబ్ పోసిన మనిషిని తెల్లారి పరంజా ఎక్కించం. ఆ పాటి జాగ్రత్త లెక్కల పరీక్ష రాసే పిల్లకు అక్కర్లేదా?

ఇక మన వైపు చూద్దాం. మనలో ఎక్కువమంది పిల్లలు ఊళ్లోనే ఉన్నారు. పదో తరగతి వచ్చిందంటే పొద్దున్నే ప్రత్యేక తరగతులు, హాస్టల్లో అయిదింటికే స్టడీ అవర్. దానికి మన ఫోను తోడవుతోంది. డ్యూటీ దిగి, వంట చేసుకుని, తిని రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే ఊళ్లో పదకొండు. నాన్న గొంతు వినాలని పిల్ల అప్పటిదాకా మేలుకునే ఉంటుంది. ఫోన్ పెట్టాక వెంటనే నిద్ర పడుతుందా? తెల్లారి బెంచీ మీద తల వాల్చితే సారు తిడతాడు. 'చదువు మీద ధ్యాస లేదు' అని మనమూ తిడతాం. ఆ పాపంలో మనకూ వాటా ఉంది.

వేళలు మార్చమని ఇక్కడ కుటుంబంతో ఉన్నవారు స్కూలు మీటింగులో అడగాలి. ఒక్కరు అడిగితే నవ్వుతారు, పదిమంది అడిగితే వింటారు. ఊళ్లో కుటుంబం ఉన్నవారు తెల్లవారుజాము క్లాసుల గురించి హెడ్మాస్టరుతో మాట్లాడమని ఇంట్లో వాళ్లకు చెప్పాలి. అవి రెండూ తేలేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. సాయంత్రం ఆరింటికి తిరుగు బస్సులో కూర్చోగానే ఫోన్ చేద్దాం. అప్పుడు ఊళ్లో ఏడున్నర. పిల్లతో తీరిగ్గా మాట్లాడొచ్చు, దాని నిద్రా దానికి దక్కుతుంది.