కర్రకే ప్రాణముందట!

ఈమధ్య గిటార్ గురించి ఎవరు నోరు విప్పినా ఒక తీర్పు సిద్ధంగా ఉంటోంది. కార్బన్ ఫైబర్ గిటార్ పేరెత్తగానే పెదవి విరిచి, "అబ్బే, దానికి ప్రాణం ఎక్కడిదండీ! కర్రకే ప్రాణం" అనేస్తారు. ఈ మాట చెప్పేది ఎవరు? ఏసీ గదిలో తేమ కొలిచే మీటరు పక్కన గిటార్‌ను దాచుకుని, తీరిక దొరికిన ఆదివారం బయటికి తీసేవారు. వినేది ఎవరు? హాస్టల్ గదికీ, రైలు బెర్తుకూ, అద్దె ఇంటికీ, పై చదువుకు వెళ్లే దేశానికీ తన వాద్యాన్ని భుజాన వేసుకుని తిరగాల్సిన పిల్లలు. కదలని మనిషి అభిరుచి, కదిలే మనిషి నెత్తిన శాసనమై కూర్చుంది. ప్రయాణాలు చేసే వాద్యకారుడు గిటార్ ఎంచుకునేటప్పుడు కర్రకు పుట్టుకతో వచ్చిన హక్కు ఏదీ లేదని నా వాదన. కర్ర ధ్వనిలో మాత్రమే ఏదో ప్రాణం ఉందన్న నమ్మకం చెవికి పెట్టిన పరీక్షల్లో నిలబడలేదు. దాన్ని నిలబెట్టి ఉంచుతున్నవి కంటి మోజు, అంగడి ప్రచారం.

ముందు ఒక అపోహ సంగతి. కార్బన్ గిటార్ నిన్నో మొన్నో చైనా నుంచి దిగిన ఆటబొమ్మ అని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి 1966లో ఒవేషన్ గిటార్ కంపెనీ పెట్టిన చార్లెస్ కామన్ హెలికాప్టర్లు తయారుచేసే ఇంజనీరు. హెలికాప్టర్లో కంపనాన్ని అణచడమే పనిగా బతికిన మనిషి, ఆ విద్యనే తిరగేసి గిటార్లో కంపనాన్ని రాబట్టడానికి వాడాడు. గుండ్రటి ఫైబర్‌గ్లాస్ వీపుతో వాద్యం చేశాడు. పదేళ్ల తర్వాత, 1976లో, అదే కంపెనీ అడమాస్ గిటార్ పై పలకలోకి కార్బన్ పొరలు వచ్చాయి. హవాయి దీవుల్లో జాన్ డెకర్ అనే భౌతిక శాస్త్రవేత్త వానలో తడిసినా చెడని గిటార్ కావాలని మొదలుపెట్టిన పనే రెయిన్‌సాంగ్ కంపెనీ అయింది. ఐర్లండ్‌లోని డోనెగల్ నుంచి ఎమరాల్డ్, విస్కాన్సిన్ నుంచి మెక్‌ఫెర్సన్, యూటా నుంచి క్లోస్ వచ్చాయి. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే లావా, ఎన్యా ఆ వరసలో చివరివి. అంటే సుమారు అర్ధశతాబ్ది చరిత్ర. అంతకాలం బతికిన వస్తువును ఇంకా "కొత్త ఫ్యాషన్" అనడానికి కాస్త ధైర్యం కావాలి.

ఇక అసలు విషయం, ధ్వని. వెనక పలక రోజ్‌వుడ్ అయితే గంభీరం, మహాగని అయితే వెచ్చదనం, మేపుల్ అయితే గలగల అంటూ అమ్మేవాళ్లు ఏకధాటిగా చెప్పుకుపోతారు. ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ మాటను పట్టుకుని పరీక్ష పెట్టారు. రోజర్ బక్నల్ అనే పేరున్న తయారీదారు ఒకే నమూనాలో ఆరు గిటార్లు చేశాడు. వెనక, పక్క పలకల కర్ర తప్ప మిగతాదంతా ఒకటే. ఒకదానికి బ్రెజిలియన్ రోజ్‌వుడ్, ఒకదానికి మన ఇండియన్ రోజ్‌వుడ్, మిగతావాటికి మహాగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులకు వెల్డింగు కళ్లద్దాలు పెట్టి, మసక వెలుతురులో వాయింపజేశారు. 2018లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, ఆరింటికీ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. అపురూపమైన బ్రెజిల్ కర్రకూ, మామూలు వాల్‌నట్‌కూ మధ్య ఉందని చెప్పే ఆ మహా వ్యత్యాసం కళ్లు మూసేసరికి మాయమైంది. వయొలిన్ల సంగతీ ఇంతే. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ విద్వాంసులకు కళ్లు కప్పి, పాత ఇటలీ వాద్యాలతో పాటు కొత్తగా చేసినవీ ఇచ్చారు. ఎక్కువమంది ఇష్టపడింది కొత్తవాటిని. అన్నిటికంటే తక్కువ మంది కోరుకున్నది ఒక స్ట్రాడివేరియస్‌ను. ఇంకా వెనక్కి పోదాం. ఇవాళ్టి క్లాసికల్ గిటార్‌కు రూపమిచ్చిన ఆంటోనియో డి టోర్రెస్ 1862లో వెనకా పక్కలా కాగితపు ముద్దతో ఒక గిటార్ చేశాడు. ధ్వని అంతా పై పలకలోనే ఉందని చూపించడానికి చేసిన పని అది. బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఎడ్ షీరన్ తొలి ఏళ్లలో ఒంటరిగా నిలబడి పెద్ద పెద్ద సభలను ఊపేసిన చిన్న మార్టిన్ గిటార్ వెనక పలక కూడా కాగితం, జిగురు కలిపి అదిమిన అట్టే. అక్కడికి వచ్చిన వేలమందిలో ప్రాణం లేదని లేచి వెళ్లిపోయినవారెవరో నాకు తెలీదు.

"అవన్నీ వెనక పలకల కథలు, పై పలక మాటేమిటి?" అంటారు. మంచి ప్రశ్నే. పై పలకకు స్ప్రూస్ కర్ర నిజంగా గొప్ప సరుకు; దాని తేలికదనానికి అంత బిగువు ఉండడం అరుదు. కార్బన్ పొర సాంద్రత దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది, కాబట్టి పలకను బాగా పలచగా చేయాలి. కంపనాన్ని తనలో ఇముడ్చుకునే గుణం కార్బన్‌కు తక్కువ, కాబట్టి నాదం కాస్త పొడవుగా, కాస్త మెరుపుగా సాగుతుంది. ధ్వని వేరుగా ఉంటుందంటే ఒప్పుకుంటాను. వేరుగా ఉన్నదల్లా తక్కువదని ఏ న్యాయం? పొరల దిశ మార్చి, మందం మార్చి, లోపలి బద్దలు తీసేసి లేదా పెట్టి, తయారీదారులు ఆ మెరుపును అదుపులో పెట్టడం నేర్చుకుని చాలాకాలమైంది. పైగా ఇంత సూక్ష్మంగా వాదించే పెద్దమనుషులే వేదికెక్కగానే బ్రిడ్జి కింద దూర్చిన పికప్ వైరును మిక్సర్‌కు తగిలించి, దాని మీద రివర్బ్ పోసి వాయిస్తారు. సభలో నాలుగో వరస దాకా వచ్చేది స్పీకరు ధ్వని. కర్ర ప్రాణం ఆ వైరులో ఏ దారిన ప్రయాణించిందో వాళ్లే చెప్పాలి. ఇక కర్ర వయసుతో పాటు విచ్చుకుంటుందన్న మాటంటారా, విచ్చుకునేలోగా పగిలిపోయిన వాటి లెక్క కూడా ఎవరైనా తీస్తే బాగుండు.

ఆ పగుళ్ల సంగతే ప్రయాణికుడికి ముఖ్యం. కర్ర తేమ పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. పోగు పొడవునా పెద్దగా మారదు గానీ అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచమని తయారీదారులే చెబుతారు. ఈ లెక్క ప్రకారం బతకగలిగే ఊరు మన దగ్గర ఏది? విశాఖలో వర్షాకాలం వచ్చిందంటే పై పలక బొజ్జలా ఉబ్బి, తీగలు పైకి లేచి, వేళ్లు నొప్పి పుడతాయి. రామగుండంలో ఎండలు 45 డిగ్రీలు దాటిన మే నెలలో అదే పలక లోపలికి కూరుకుపోయి, తీగలు మెట్లకు తగిలి జరజరమంటాయి. చికాగోకో టొరంటోకో చదువుకు వెళ్లిన పిల్లలు జనవరిలో హీటరు వేసుకున్న గదిలో చూస్తే తేమ 20 శాతానికి పడిపోయి ఉంటుంది. వేళ్లు ఆడే పలక కుంచించుకుపోయి మెట్ల అంచులు బయటికి పొడుచుకొస్తాయి, పై పలక నిలువునా చీలుతుంది. అందుకే ఈ కర్ర గిటార్లకు పచ్చి బాలింతకు చేసినట్టు పథ్యాలు: కేసులో తడి స్పాంజి, దానికో మీటరు, ఎండలో ఆపిన కారులో వదలకూడదు, ఏసీ ఎదురుగా పెట్టకూడదు. కర్రకున్న ప్రాణం అంటూ మురిసిపోయేది ఈ చంచల స్వభావాన్నే. కార్బన్ పలక తేమకు లొంగదు, వేడికి దాదాపు వ్యాకోచించదు. తీగలు మాత్రం ఉక్కువే కనక ఎండకు శ్రుతి కాస్త జారుతుంది. ఎప్పటికీ శ్రుతి తప్పదని చెప్పే అమ్మకందారు మాటా నమ్మకండి.

2009 జనవరి 20న ఒబామా ప్రమాణ స్వీకారంలో జరిగిన సంగతి ఈ వాదనకంతటికీ అద్దం పడుతుంది. ఇట్జాక్ పర్ల్‌మన్, యో-యో మా వంటి దిగ్గజాలు చలిలో కూర్చుని వాయిస్తున్నట్టు కనిపించారు గానీ, జనం విన్నది రెండు రోజుల ముందే రికార్డు చేసిన సంగీతం. అంత చలిలో వాద్యాలు శ్రుతి నిలుపుకోలేవని భయం. కార్బన్ ఫైబర్ చెల్లో వాడదామా అని యో-యో మా ఆలోచించి, దాని వింత రూపం చూసేవారి దృష్టిని మళ్లిస్తుందని మానుకున్నట్టు అప్పట్లో పత్రికలు రాశాయి. గమనించండి, అడ్డొచ్చింది దాని ధ్వని కాదు, దాని రంగూ రూపం. ప్రపంచమంతా చూస్తున్న వేదిక మీద నిజంగా మోగగలిగిన వాద్యాన్ని పక్కనపెట్టి, మోగని కర్రకు టేపు పెట్టి నెట్టుకొచ్చారు. ఇంతకన్నా కంటి మోజుకు వేరే రుజువు కావాలా?

విమానాల సంగతి ఎత్తితే ఒళ్లు మండుతుంది. 2008లో కెనడా గాయకుడు డేవ్ కరోల్ 3,500 డాలర్ల టేలర్ గిటార్ చికాగో విమానాశ్రయంలో సామాను మోసేవాళ్ల చేతుల్లో విరిగింది. పరిహారం కోసం తిరిగి తిరిగి విసిగి ఆయన 2009లో పాట కట్టి ప్రపంచాన్ని నవ్వించాడు. అమెరికాలో 2012 చట్టం, 2015 నుంచి దాని నిబంధనల పుణ్యమా అని పైన అరలో చోటుంటే వాద్యాన్ని క్యాబిన్‌లోకి అనుమతించాలి. మన దేశీయ విమానాల్లో చేతి సామాను సాధారణంగా 7 కిలోలు. బరువు సరిపోయినా మామూలు గిటార్ పొడవు ఆ కొలతల్లో ఇమడదు. కౌంటర్లో ఉన్న మనిషి దయ మీద ఆధారపడాలి, లేదా బెల్టు మీద వేసి దేవుడికి దండం పెట్టుకోవాలి. కార్బన్ గిటార్ విరగనే విరగదని నేననను. గట్టి దెబ్బకు పొరలు విడిపోతాయి, బ్రిడ్జి జిగురుతో అతికించిందే, కింద పడితే శ్రుతి మరలు వంగుతాయి. కానీ కర్ర గిటార్ల మెడ తల దగ్గర పుటుక్కున విరిగే ఆ చిరపరిచిత గాయం మెడా ఒళ్లూ ఒకే అచ్చులో పోసినవాటిలో చాలా అరుదు. పైగా దిగిన ఊళ్లో కేసు తెరవగానే, తీగలు సవరించుకుని, వాయించవచ్చు. కర్ర గిటార్ కొత్త వాతావరణానికి అలవాటు పడేదాకా ఆగాల్సి ఉంటుంది.

మన దగ్గర ఈ సంప్రదాయ గోల మరీ విచిత్రం. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించినప్పుడు మొహం చిట్లించినవారు, తర్వాత ఆయన కచేరీలకు టికెట్ల కోసం వరస కట్టారు. ఎలక్ట్రానిక్ తంబురా 1979 నుంచి బెంగళూరులో తయారవుతోంది. ఇవాళ ఎందరు గాయకులు ఆ పెట్టె నొక్కకుండా వేదికెక్కుతున్నారు? ఫైబర్‌గ్లాస్ కట్టె మృదంగాలు వచ్చాయి, వీణలకు ఫైబర్ బుర్రలు వచ్చాయి. బొబ్బిలి వీణ పనసకర్రతోనే బాగుంటుందనే మాటకు నేనూ దండం పెడతాను. ఒకే దుంగలోంచి వీణను తొలిచే గొల్లపల్లి కళాకారుల పనితనం వేరు, దానికి రక్షణ కావాలి. కానీ యంత్రంతో వేలాదిగా అచ్చొత్తిన విదేశీ గిటార్‌కు కూడా అదే పవిత్రత అంటగట్టడం, పెట్టెలోంచి వచ్చే శ్రుతి మీద పాడుతూ కర్ర గొప్పదనం ఉపదేశించడం రెండు నాలుకల వ్యవహారం.

కార్బన్ పెట్రోలు సంతానమనీ, పాతబడితే మట్టిలో కలవదనీ పర్యావరణం పేరు ఎత్తుతారు. నిజమే. అయితే రోజ్‌వుడ్ సంగతి కూడా చెప్పండి. బ్రెజిల్ కర్రను నరికి నరికి 1992లో అంతర్జాతీయ నిషేధ జాబితాలో పెట్టే దాకా తెచ్చారు. ఆ కర్ర దొరకడం కష్టమై మార్టిన్ కంపెనీ 1969లోనే మన జిట్టేగికి, అంటే ఇండియన్ రోజ్‌వుడ్‌కు, మారింది. ఇవాళ సంప్రదాయమని మొక్కుతున్న ఇండియన్ రోజ్‌వుడ్ ఆనాడు ప్రత్యామ్నాయంగా వచ్చిన సరుకే! 2017 నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటి వాణిజ్యానికీ అనుమతి పత్రాలు కావలసి వచ్చింది; తయారైన వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చారు గానీ, బ్రెజిల్ కర్ర గిటార్‌తో సరిహద్దు దాటాలంటే ఇప్పటికీ కాగితాలు కావాలి. నరికేసిన అడవుల లెక్క తేలాక ప్లాస్టిక్ మాట మాట్లాడుకుందాం.

మరి ఏది కొనాలి? ఆ చిట్టా దుకాణాలు ఎలాగూ ఇస్తాయి. చూడాల్సినవి మాత్రం రెండు మూడు. "కార్బన్" అని రాసి ఉన్నదల్లా కార్బన్ కాదు: చవకవాటిలో కొన్ని పాలికార్బొనేట్‌లో కాస్త కార్బన్ కలిపి అచ్చుపోసినవి, కొన్నింటికి పైన నేత బొమ్మ మాత్రమే ఉంటుంది. ఒళ్లు కార్బన్, మెడ కర్ర అయితే తేమ బాధ సగం మిగిలే ఉంటుంది. కాకపోతే మెడ విప్పి సంచిలో పెట్టుకునే సౌకర్యం అలాంటి కొన్నిటిలో దొరుకుతుంది, రైళ్లలో తిరిగేవారికి అదే మేలు కావచ్చు. ఒకే అచ్చు మెడ అయితే దాని వంపు మార్చడం దాదాపు అసాధ్యం కాబట్టి తీగల ఎత్తు కొనేముందే చూసుకోవాలి. చిన్న ఒళ్లు గిటార్ పైన అరలో పడుతుంది, మంద్రం తగ్గుతుంది. ధర విషయంలో మాత్రం ప్రత్యర్థులకు ఒక పాయింటు ఇచ్చేస్తున్నాను: పూర్తి కార్బన్ అమెరికన్, ఐరిష్ గిటార్లు దిగుమతి సుంకంతో కలిపి లక్ష సులువుగా దాటుతాయి. హాస్టల్ కుర్రాడికి అది భారమే. వాడు ప్రస్తుతానికి అట్ట పలక గిటార్ కొనుక్కున్నా పర్వాలేదు. టోర్రెస్ ఒప్పుకుంటాడు.