జీవవనరుల లాభములో వనవాసి భాగము





1992 లో రియో డి జెనీరో నగరమున కుదిరిన జీవవైవిధ్య ఒడంబడిక, ఒక దేశపు నేలపై మొలచిన మొక్కమీద ఆ దేశమునకే అధికారము కలదనియు, దానివలన లాభము గడించువారు అందొక న్యాయమైన భాగమును ఇచ్చినవారికి పంచవలయుననియు నిర్ణయించెను. 2010 లో జపానునందలి నగోయాలో అంగీకృతమై 2014 అక్టోబరులో అమలునకు వచ్చిన ప్రోటోకాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, మూలవాసుల విద్యను గ్రహింపబోవువారు ముందుగా వారి సమ్మతిని పొందవలయునని విధించెను. ఈ ప్రోటోకాలును మన దేశము 2012 అక్టోబరులో, ఒడంబడిక సభ్యదేశముల పదునొకండవ మహాసభ హైదరాబాదున జరుగుచున్న దినములలోనే ధ్రువీకరించినది. పరదేశములయెదుట ఇంత గట్టిగా వాదించిన మనము ఇంటిలోపల ఆ న్యాయమును పాటించుచున్నామా యని విచారించినచో, పాటించుట లేదనియే నాకు తోచుచున్నది.

2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ ఉన్నత న్యాయస్థానము దివ్య ఫార్మసీ వ్యాజ్యములో, దేశీయ సంస్థయైనను తన లాభమును స్థానిక ప్రజలతో పంచుకొనవలసినదే యని, నగోయా ప్రోటోకాలును ఆధారముగా గైకొని తీర్పు చెప్పినది. అయిదేండ్లు తిరుగకమునుపే, 2023 లో, జీవవైవిధ్య చట్టము సవరింపబడినది. జీవవనరులను వాడుకొను దేశీయ వ్యాపారి రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందుగా తెలుపవలయునన్న నిబంధననుండి, జీవనోపాధికై వైద్యము చేయు వైద్యులను, హకీములను తప్పించుటతో నిలువక, క్రోడీకృతమైన సంప్రదాయ జ్ఞానమును గూడ ఆ సవరణ తప్పించినది. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టపు మొదటి అనుబంధములో పేర్కొన్న ప్రామాణిక గ్రంథములనుండి వచ్చిన జ్ఞానమంతయు ఈ కోవలోనిదే. చరకసంహిత, అష్టాంగహృదయము మొదలుకొని మన తెలుగునాట వెలసిన బసవరాజీయము వఱకు ఆ పట్టికలో నున్నవి. తన మందు వీనిలోని యోగమే యని చెప్పుకొనగల కంపెనీకి, ఇక నేనెవరికిని ఏమియు పంచనక్కరలేదని వాదించుటకు దీనితో సందు దొరకినది.

ఈ గ్రంథములు మనకు చేసిన మేలు నేనెఱుగనిది కాదు. పసుపు గాయములను మాన్పునన్న సంగతిపై 1995 లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయము పేటెంటు పొందగా, మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథములను సాక్ష్యముగా చూపి 1997 లో దానిని రద్దు చేయించినది. వేపపై ఐరోపాలో ఇచ్చిన పేటెంటును గూడ 2000 లో కొట్టివేసి, అప్పీలుమీద 2005 లో ఆ నిర్ణయమునే ఖాయపఱచిరి. నాడు పరులను నిలువరించిన ఆ తాళపత్రములే నేడు మన కొండవాండ్ర నోటికాడి కూటికి అడ్డుపడుట ఎంతయు శోచనీయము.

యోగము గ్రంథములో నుండవచ్చును గాని వేరు గ్రంథములో దొరకదు గదా! నల్లమలలోను శేషాచలము కొండలలోను లభించు మారేడు గడ్డల సంగతి చూడుడు (మారేడు చెట్టునకును వీనికిని సంబంధము లేదు, రాయలసీమలో నన్నారి షర్బతు త్రాగినవారికి ఈ వాసన తెలియును). ఆయుర్వేద ఔషధములలో సుగంధిపాలకు బదులుగా వీనిని వాడుచున్నారు. బండల నెఱ్ఱెలలో పాకిన తీగను వెదకి పట్టుకొని, గునపముతో రాళ్లు పెకలించి, గడ్డ తెగకుండ త్రవ్వి తీసి, మన్ను కడిగి, నడుమనున్న కఱ్ఱవంటి ఈనెను లాగివేసి, పైకండను వేఱుచేయవలెను. ఏ వాలున ఏ తీగ ముదిరినదో, ఎన్ని వేళ్లు తీసి ఎన్ని విడిచినచో మఱుసటి యేటికి తీగ నిలుచునో చరకుడు చెప్పలేదు, బసవరాజు చెప్పలేదు; త్రవ్వువాడే యెఱుగును.

ఇట్లు ఎఱిగినవారికి భాగమిచ్చిన దృష్టాంతమును కలదు. 1987 లో కేరళమునందలి అగస్త్యకూట పర్వతములలో తిరుగుచున్న శాస్త్రజ్ఞులు, తమకు దారిచూపు కాణి తెగవారు ఏవో చిన్న పండ్లను నములుచు అలుపెఱుగక నడచుట గమనించి, ఆరోగ్యపచ్చ యను మొక్కను తెలిసికొనిరి. దానినుండి చేసిన 'జీవని' యను మందును తయారుచేయు హక్కును 1995 లో ఒక ఔషధశాలకు పదిలక్షల రూపాయలకును, అమ్మకములపై నూటికి రెండు వంతుల రాయల్టీకిని ఇచ్చి, వచ్చినదానిలో సగము కాణివారికి చేర్చుటకు ఏర్పాటు చేసిరి. మన జీవవైవిధ్య చట్టము పుట్టకమునుపే జరిగిన ఈ ఒప్పందము లోకమున పలువురకు ఆదర్శమైనది. అయితే ఆరోగ్యపచ్చ పేరు ఆ ప్రామాణిక గ్రంథముల పట్టికలోని ఏదో యొక పుస్తకమున నుండి, ఒప్పందము నేడు చేసికొనవలసి వచ్చియుండినచో, కాణివారికి దక్కెడిది ఏమి? పూర్వులు వ్రాసియుంచిన పాపమునకు మనుమలకు భాగము లేకపోవుట ఏ ధర్మము?

మన తెలుగునాటను ఇట్టి దృష్టాంతమొకటి కలదు. పాలమూరు సీమలోని అమరచింతనుండి వేపాకు జపానుకు ఎగుమతి కాగా, జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ వసూలుచేసిన రాయల్టీలో 55,000 రూపాయల పైచిలుకు ఆ యూరి జీవవైవిధ్య యాజమాన్య సంఘమునకు ముట్టినది. వేపను పేర్కొనని వైద్యగ్రంథము కలదా? కొన్నవాడు జపాను దేశస్థుడగుటచేత ఊరికి భాగము వచ్చినది. ఆ చెట్టు ఆకునే రేపు మన దేశపు కంపెనీ కొన్నచో గ్రంథమును చూపి తప్పించుకొనవచ్చును.

పల్లెలో చూర్ణములు నూఱి యిచ్చు వైద్యుని కాగితములతో వేధింపరాదన్న మాట సత్యమే. ఆతనికిచ్చిన మినహాయింపును నేను కాదనుట లేదు. దరఖాస్తులు, అనుమతులు, జాప్యములు పరిశ్రమను కుంగదీయుచున్నవన్న ఫిర్యాదులోను కొంత నిజము లేకపోలేదు. కాని జాప్యమునకు మందు జాప్యమును తగ్గించుటయే. ఇంతకును భారమెంత? 2014 నాటి మార్గదర్శకముల ప్రకారము, ఏటా మూడుకోట్లకు మించి అమ్మకములు గల సంస్థ, పన్నులు పోను కర్మాగారపు ధరపై నూటికి అర్ధరూపాయి ఈయవలసియుండెను. అనగా రెండువందల రూపాయల లేహ్యపు సీసాపై ఒక్క రూపాయి; ఆ సీసా అట్టపెట్టెమీది బొమ్మకు ఇంతకంటె ఎక్కువ వ్యయమగునేమో!

కావున, గ్రంథస్థ జ్ఞానమునకిచ్చిన మినహాయింపు జ్ఞానమునకే గాని, అడవినుండి త్రవ్వితెచ్చిన వేరునకు, బెరడునకు, బంకకు వర్తింపదని కేంద్ర ప్రభుత్వము నియమములలో స్పష్టముగా వ్రాయవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జీవవైవిధ్య మండలులు ఏయే కంపెనీనుండి ఎంత వచ్చినదో, అందు ఏయే గ్రామ సంఘమునకు ఎంత చేరినదో ఏటేట తెలుగులో ప్రకటించి, ఆ పట్టికను ఆయా గ్రామ పంచాయతీల గోడలపై అంటింపవలెను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు