ఫెయిలైన బండే మీ ప్రాజెక్టు

మీ బండి స్టీరింగ్ బేరింగ్ ఎలా చెక్ చేయాలో మీకు తెలుసా? తెలియకపోతే సిగ్గుపడక్కర్లేదు. మెకానికల్ డిగ్రీ చేతిలో పెట్టుకుని నాకూ తెలియదు. నాలుగేళ్ల కిందట ఓ ఇంటర్వ్యూలో ‘‘నీ బండి గురించి చెప్పు’’ అన్నారు. సీసీ చెప్పాను, మైలేజీ చెప్పాను. ‘‘అది కాదు, దాంట్లో ఇప్పుడు ఏం బాగాలేదు?’’ అని అడిగారు. నోట మాట రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు ఈ మధ్యే దొరికింది. నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హీరో ఇంపల్స్. 2011లో వచ్చిన 150 సీసీ బండి. మట్టి దారుల కోసం ఎత్తుగా కట్టారు. దాన్ని ఆపేసి చాలా ఏళ్లయింది, 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే కదా, అంటే మొదట అమ్ముడైన ఇంపల్స్‌లకు 2026లో గడువు తీరుతుంది. రెన్యువల్ కావాలంటే బండిని రవాణా శాఖ వాళ్లకు చూపించాలి. రోడ్డుకు పనికొస్తుందంటే ఇంకో ఐదేళ్లు.

అక్కడికి వెళ్లకముందే నేనే దానికి పరీక్ష పెట్టాలనుకున్నా. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 62వ రూల్ కింద ఒక పట్టిక ఉంటుంది. లారీలు, ఆటోల ఫిట్‌నెస్ కోసం రాసింది. హెడ్‌లైట్, రిఫ్లెక్టర్లు, అద్దాలు, హారన్, సైలెన్సర్, పొగ, బ్రేకులు, స్పీడోమీటర్, స్టీరింగ్ అన్నీ అందులో ఉన్నాయి. వైపర్ లాంటివి కొట్టేసి ప్రింట్ తీసుకుని, ఓ ఆదివారం కాగజ్‌నగర్‌లో మా మెకానిక్ అన్న షెడ్డుకు పోయాను.

ఫెయిల్. అది కూడా మామూలుగా కాదు.

సగం తప్పులు అడవి చేసినవి కావు, నేను చేసినవి. స్టైల్ కోసం వెనక మడ్‌గార్డ్ కోసేశాను, నంబర్ ప్లేట్ వంకరగా పైకి పోయింది. అద్దాలు తీసేశాను. శారీ గార్డ్ తీసేశాను. వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే హ్యాండిల్, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని 123వ రూల్ చెబుతోంది. సైలెన్సర్ కూడా కంపెనీది కాదు. 2019 సవరణ తర్వాత ఇలాంటి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు అని మోటారు వాహనాల చట్టంలో ఉంది. లెక్క వేసుకుంటే నా స్టైల్ ఖరీదు బండి ఖరీదును దాటేలా ఉంది.

‘‘ఏందన్నా, అద్దం లేకుంటే కూడా ఫెయిలేనా?’’ అంటే, ‘‘ఎనకొచ్చే లారీని అడుగు తమ్మీ, అది చెప్తది’’ అన్నాడు.

మిగతా సగం అడవి చేసినవి. నాకు అసలు చదువు మొదలైంది ఇక్కడే. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి ఫోర్క్ కాళ్లు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపమన్నాడు అన్న. టక్ టక్ అంది. హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో గాడిలో పడినట్టు ఆగుతోంది. బెజ్జూరు, పెంచికల్‌పేట వైపు గుంతల్లో దూకించిన ప్రతిసారీ బేరింగ్ బాల్స్ తాము తిరిగే రింగు మీద చిన్న గుంట పెట్టాయి. దీన్ని బ్రినెల్లింగ్ అంటారు. సెకండియర్‌లో బ్రినెల్ హార్డ్‌నెస్ టెస్ట్ రికార్డు పక్కోడి దగ్గర చూసి రాశాను, గుర్తుంది. గట్టి గోళీతో లోహాన్ని నొక్కి గుంట సైజు కొలిచే ఆ ప్రయోగం ఇన్నేళ్లుగా నా హ్యాండిల్ కిందే జరుగుతోందన్నమాట.

తర్వాత స్పోక్స్. స్పానర్‌తో ఒక్కోదాన్ని కొడితే బిగుతుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది బద్దగా మోగుతుంది. నాలుగు బద్దగా మోగాయి. ఫోర్క్ ఆయిల్ సీల్ బురదకు కోసుకుపోయి నూనె కారుతోంది. అది డిస్క్ మీదికి జారితే ముందు బ్రేక్ ఉన్నా లేనట్టే. వెనక డ్రమ్ములో వాగు నీళ్లు తెచ్చిన మట్టి. బ్రేక్ లైట్ స్విచ్ వైరు అదురుకు తెగింది. స్టీరింగ్ హెడ్ మీది చాసిస్ నంబరు తుప్పులో కనపడక కిరోసిన్ గుడ్డతో రుద్దాల్సొచ్చింది. బండి ఎంత బాగున్నా ఆ నంబరు కాగితంతో కలవకపోతే పని ముందుకు సాగదు.

ఇంగ్లండ్‌లో మూడేళ్లు దాటిన ప్రతి బైకుకూ ఏటా ఎంఓటీ అనే పరీక్ష ఉంటుంది. ఏ బండి ఏ కారణంతో ఫెయిలైందో నంబరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. లైట్లు లేని బండ్లకు పగటిపూట మాత్రమే నడిపేలా కూడా పాస్ ఇస్తారు. మనకేమో సొంత బండికి మొదటి పెద్ద పరీక్ష 15వ ఏట. అడవి దారుల్లో తిరిగే బండికి అది చాలా ఆలస్యం అని నా అభిప్రాయం. అది కూడా చాలామంది ఏజెంటు చేతిలో కాగితాలు పెట్టి పాసా ఫెయిలా అని మాత్రమే అడుగుతారు. ఎందుకు ఫెయిలైందో తెలుసుకునే అవకాశాన్ని మనమే డబ్బులిచ్చి వదులుకుంటున్నాం.

ఇదంతా కెరీర్ పేజీలో ఎందుకంటారా? సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో తెరుచుకునేదాకా మా ఊరు ఎలా బతికిందో చూసినవాణ్ని. ఒక్క గేటు మీదే ఆశ పెట్టుకోవద్దని అప్పుడే అర్థమైంది. ఏఎంవీఐ పోస్టులు 2022 డిసెంబరు నోటిఫికేషన్‌లో రాష్ట్రం మొత్తానికి 113. మెకానికల్, ఆటోమొబైల్ చదువుతో పాటు హెవీ లైసెన్స్ కూడా అడిగారు. ప్రిపేర్ అయ్యేవాళ్లు పుస్తకాలకంటే ముందు ఆ లైసెన్స్ సంగతి చూసుకోండి. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు కేంద్రం 2021 సెప్టెంబరులో రూల్స్ తెచ్చింది. అవి నడవాలంటే యంత్రం చూసేవాళ్లు, దాన్ని రిపేర్ చేసేవాళ్లు, వచ్చిన డేటా చదివేవాళ్లు కావాలి. ఇన్సూరెన్స్ సర్వే, సెకండ్‌హ్యాండ్ బండ్ల కంపెనీలు, సర్వీస్ సెంటర్లు అన్నిచోట్లా అడిగేది ఒకటే: ఏం బాగాలేదో చెప్పగలవా?

రెజ్యుమేలో ‘మినీ ప్రాజెక్ట్’ అని కొనుక్కొచ్చిన రిపోర్టు పెట్టే బదులు, మీ ఇంట్లో ఉన్న బండికి ఇలా ఓ షీట్ తయారు చేయండి. నాన్న స్ప్లెండర్ అయినా సరే. ఏం చెక్ చేశారు, ఏం కనపడింది, ఎందుకలా అయింది, బాగు చేయడానికి ఎంతైంది... ఫొటోలతో రెండు పేజీలు చాలు. నేను ఆ షీట్ పట్టుకుని మొన్న ఒక ఇంటర్వ్యూకి పోయాను. ఉద్యోగం వచ్చిందా అంటే రాలేదు. కానీ బేరింగ్ రింగు టేబుల్ మీద పెట్టి అరగంట మాట్లాడాను, ఒక్కసారి కూడా తడబడలేదు.

బేరింగ్, సీల్, వైరు మార్చేశాను. కంపెనీ సైలెన్సర్ అటక మీదే దొరికింది. శారీ గార్డ్ ఒక్కటే ఎక్కడా దొరకట్లేదు, అన్న రాడ్డు వంచి వెల్డింగ్ చేస్తానంటున్నాడు. వచ్చే నెల బండి చూపించాలి.