మన బడిలో బొంత కుట్టింపరాదా?

కార్తికమాసములో తొమ్మిదవ తరగతి విద్యార్థులకు 'మా ఊరి చెరువు' అను వ్యాసమును ఇంటిపనిగా ఇచ్చితిమి. ఒక బాలుడు శోళవరము చెరువును గూర్చి వ్రాసికొని వచ్చెను. అందు కొంత పాఠ్యపుస్తకమునుండి తెచ్చినది, కొంత అన్నగారి పాతనోటుపుస్తకమునుండి ఎత్తినది, మిగిలిన కొంచెము సొంతబుద్ధితో చేర్చినది. చెరువునీరు చెన్నపట్టణమునకు పోవుచున్నదని ఒక వాక్యము, ఆ వెంటనే నీటివలన కలుగు రోగములు! మేము ఎఱ్ఱసిరాతో పుట అంచున 'అతుకుల బొంత' అని వ్రాసి పుస్తకము తిరిగి యిచ్చితిమి. మరునాడు వాడు మా బల్లకడకు వచ్చి, "సార్, బొంత అంటే ఏమి?" అని అడిగెను.

తరగతి నంతటిని అడిగితిమి. ముప్పది యిద్దరిలో అయిదుగురు చేతులెత్తిరి. వారిలో నొకడు 'బొంతకాకి' అని చెప్పి కూర్చుండెను. తక్కినవారు నవ్విరి. మేమును నవ్వి, పాతబట్టలను పొరలుగా పేర్చి కుట్టిన దుప్పటి యని అర్థము చెప్పి, నాటి పద్యపాఠములోనికి పోతిమి.

గడచిన భోగినాటి తెల్లవారుజామున, మేము నివసించు వీథిలో మంటలు వేసియుండగా, ఆ బాలుడే చంకలో ఏదియో ఇఱికించుకొని పరుగున వచ్చుచుండెను. అదేమిరా యని అడిగితిమి. "పాత పోర్వై సార్" అనెను. తమిళులు దుప్పటిని పోర్వై అందురు. వాని యింట ఇప్పుడు తల్లియు తండ్రియు ఆ మాటయే వాడుచున్నారట. మేము నోరు తెఱచులోపల అది మంటలో పడినది. ఎఱ్ఱని అంచు, దాని ప్రక్క నీలపు గళ్ళ ముక్క, వరుసలు వరుసలుగా తెల్లదారపు కుట్లు. అది బొంత.

తప్పు బాలునిది కాదు. మేము వానికి మాటను చెప్పితిమి గాని వస్తువును చూపలేదు. వాని యింట వస్తువున్నది గాని మాట లేదు. ఈ రెంటిని కలుపవలసిన ఉపాధ్యాయులము ఎఱ్ఱసిరా చేతబట్టి ఆ మాటను తిట్టుగా వాడితిమి.

గుమ్మమున వాని అవ్వ నిలుచుండెను. మేము నొచ్చుకొని ఏదియో చెప్పబోగా ఆమెయే, "కాలనీలే అయ్యవారూ, పిల్లోడికేం తెలుసు. ఆ ఎర్రంచు మా అమ్మ చీరది" అని లోపలికి పోయెను.

తరువాతి ఆదివారము ఆ యింటికి పోయితిమి. మంచము క్రింది ట్రంకుపెట్టెను లాగి అవ్వ మూడు బొంతలను చూపెను. మూడును ముగియనివే. మొదటిది మూరన్నర పొడవు గలది. గర్భవతియైన మనుమరాలికి పుట్టబోవు బిడ్డకై, తాతగారి పాతపంచెలతో కుట్టుచున్న పొత్తిళ్ళబొంత. అది చేతికి వెన్నవలె తగిలినది. రెండవది మన బాలునికొఱకు మూడేండ్ల క్రిందట మొదలు పెట్టినది. నూలుచీరలు దొరకక సగములో ఆగినది. మూడవదానికి ఇంకను కుట్టే పడలేదు. త్రికోణపు ముక్కలను ఒకదానిప్రక్క నొకటి పేర్చుట, రంగు నచ్చలేదని తీసి మఱల పేర్చుట, ఇంతే. "ఇది ఎప్పటికి ముగియును అవ్వా?" అని అడిగితిమి. ఆమె నవ్వి, "అది ముగిస్తే మధ్యాహ్నాలు నేనేం చేసేది?" అనెను.

కుమారుడు అంగడినుండి రెండు కంబళ్ళు తెచ్చి యిచ్చినాడు. ఆమెకు చలికి కొదువ లేదు. అవసరము తీరిన పిదపను ఆమె కుట్టుచున్నదన్న మాట. బొంత యనగా పేదఱికమే యని తలచువారు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

ప్రతిదినము రెండు గంటలవేళ నలుగురు స్త్రీలు ఆ తిన్నెమీదికి వత్తురు. ఒకతె పొన్నేరి వైపునుండి కాపురమునకు వచ్చిన తమిళురాలు. ఆమె 'ఊసి' యనును, అవ్వ 'సూది' యనును. సూది మాత్రము ఒక్కటే, చేతులు మారుచుండును. ఒకరి చీరకొంగు మఱియొకరి బొంతలోనికి పోవును. వంకర కుట్టును చూచి ఒకరు మొగమాటము లేక విప్పింతురు. మేము కూర్చున్న గంటసేపటిలో ఒక పెండ్లి సంబంధము, రెండు కషాయములు, ఒక అత్తగారి నింద వినబడినవి. పని మాత్రము ఆగలేదు.

పని ఎట్లు జరుగునో చూచినంతవఱకు చెప్పుదము. పాతచీరను గంజి పోవునట్లు ఉతికి ఆరవేయుదురు. నేలమీద ఒక చీరను సగముగా మడిచి పఱచి, ముడుతలు లేకుండ చేతితో సవరించి, నాలుగు మూలల రాళ్ళు పెట్టుదురు. చిరుగులు పడిన బట్టలన్నియు నడిమి పొరలలోనికి పోవును. గట్టిగానున్నది పైకిని క్రిందికిని వచ్చును. ముందుగా పొరలు జరుగకుండ దూరదూరముగా టాకాలు వేయుదురు. తరువాత అంచులు లోపలికి మడిచి, వేలెడు వెడల్పున వరుసలు వేసికొనుచు ముందుకుట్టు కుట్టుదురు. పని యెల్ల సూది అన్ని పొరలను దాటి క్రిందివఱకు పోయినదా లేదా యన్న దానిలోనే యున్నది. అవ్వ ఎడమచేతి వ్రేలిని బొంత క్రింద పెట్టి సూదిమొనను తాకి చూచి గాని పైకి తీయదు. ఆ వ్రేలి చివర తోలువలె గట్టిపడినది.

మా లెక్కల ఉపాధ్యాయులు సంతోషించు విషయమొకటి కలదు. బొంత పొడవు 275 సెంటీమీటర్లు, వెడల్పు 110 సెంటీమీటర్లు అనుకొందము. వరుసకు వరుసకు నడుమ 2 సెంటీమీటర్లు విడిచినచో 55 వరుసలు. మొత్తము కుట్టు 151 మీటర్లకు పైబడును. సెంటీమీటరునకు ఒక కుట్టు చొప్పున 15,000 కుట్లకు మించును. నిమిషమునకు 15 కుట్లు పడినను దాదాపు 17 గంటల పని. ఇది ఒక బొంతకే. భోగిమంటలో అది కాలుటకు పట్టిన కాలమును మేము లెక్కింపలేదు.

ఈ విద్య సన్నగిల్లుటకు కారణమును వెదకుచు దూరము పోనక్కఱలేదు. నూలుచీర పాతబడిన కొలది మెత్తబడును, చెమటను పీల్చును, సూదికి లొంగును. పాలియెస్టరు చీర పాతబడదు, మెత్తబడదు. పొర పొరపై నిలువక జాఱును. కట్టుకొని ఉతుకుకొనుటకు అది సుఖమే, మా యింట స్త్రీలును అదే కట్టుచున్నారు. కాని దానితో కుట్టిన బొంతపై వేసవిలో శిశువును పరుండబెట్టలేము. మన పెట్టెలలో నూలుచీరలు తఱిగిన కొలది బొంత తఱిగినది. దానితో మాటలును తఱిగినవి.

ఇక మా మాట యొకటి చెప్పక తప్పదు. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న దినములలో మా తల్లి కుట్టి యిచ్చిన బొంతను వసతిగృహమునకు కొనిపోయితిమి. తోడివారి మంచములపై రంగుల దుప్పట్లను చూచి, మా బొంతను పెట్టె అడుగున దాచి, రెండు నెలలు చలికి వణకితిమి. ఎవరును మమ్మెగతాళి చేయలేదు. మేమే సిగ్గుపడితిమి. కావున పిల్లలను సిగ్గుపడవలదని బోధించుటకు మాకు హక్కెంతయో మాకే తెలియదు. అయినను ఆ బొంత ఇప్పటికిని మా యింట నున్నది. మా తల్లి లేదు.

సిగ్గుపడవలసిన వస్తువు కాదనుటకు సాక్ష్యములు చాల కలవు. సంస్కృతమున దీనిని కంథ యందురు. బౌద్ధ భిక్షువులు పాఱవేసిన గుడ్డలను ఏరి కుట్టుకొనెడివారు. మగధదేశపు వరిమడులను, వాని గట్లను చూపి బుద్ధుడు అట్టి అమరికగల చీవరమును కుట్టించుమని ఆనందునితో చెప్పినట్లు వినయపిటకమున నున్నది. చెరువుగట్టుపై నిలిచి మన ఊరి మడులను చూచువానికి ఆ పోలిక తెలియుట కష్టము కాదు. వంగదేశపు స్త్రీలు పాతచీర అంచులనుండి రంగుపోగులను లాగి, ఆ దారముతోనే కాంథాలపై పూవులను, ఏనుగులను, పడవలను కుట్టెడివారు. భర్తను ఎడబాసిన పల్లెపడుచు తన బ్రదుకునంతయు కాంథాపై కుట్టిన కథను జసీముద్దీన్ కవి 1929లో కావ్యముగా వెలువరించెను. తెలుగు బొంతకు అట్టి కవి దొరకినట్లు మేము చదువలేదు. ఉత్తర కన్నడ జిల్లా అడవిపల్లెలలో సిద్దీ స్త్రీలు తమ బొంతను కవాంది యందురు. అంచునుండి మొదలుపెట్టి నడిమికి కుట్టుకొనుచు పోయి, చివర నాలుగు మూలల మడత పెట్టిన గుడ్డముక్కలను పూలుగా కుట్టుదురు. పూలు లేని కవాంది వారి కంటికి దిసమొలతో నున్నట్లు!

అమెరికాలో అలబామా నది వంపున జీస్ బెండ్ అను ఊరు కలదు. అచ్చటివారు బానిసల సంతతివారు. పొలములో కట్టి చివికిన లాగులను, చొక్కాలను కోసి ఆ స్త్రీలు చలికి బొంతలు కుట్టుకొనిరి. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్ లలితకళల మ్యూజియమున గోడలకు తగిలించి ప్రదర్శించిరి. తరువాత న్యూయార్కులోని విట్నీ మ్యూజియమునకు కొనిపోయిరి. 2006లో అమెరికా తపాలాశాఖ వానిని స్టాంపులపై అచ్చువేసెను. అమెరికావారు గోడకు తగిలించినందున బొంతకు విలువ వచ్చినదని మేమనము. పట్టణపు అంగళ్ళలో నేడు బొంతలను వేల రూపాయలకు అమ్ముచున్నారు గదా, పిల్లలకు జీవనోపాధి యగును గదా యని మిత్రులొకరు సూచించిరి. ఆ వాదమును మేము కొంచెము దూరముగానే పెట్టుచున్నాము. అమ్ముడుపోనిచో మఱల పాఱవేయుటకు అదే వాదము పనికి వచ్చును.

మా వాదము భాషోపాధ్యాయుని వాదము. మన ప్రాంతపు తెలుగు సరిహద్దు తెలుగు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఆంధ్రప్రదేశమునుండి మదరాసు రాష్ట్రమునకు మాఱినది. మగ్గముల ఊళ్ళలో నగరి ఆ ప్రక్కను, పొదటూరుపేట ఈ ప్రక్కను నిలిచినవి. 2006 నాటి చట్టముతో ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరి చేయబడినది. దానిని గూర్చిన వ్యాజ్యముల సంగతి ఇక్కడ వలదు. ఈ నేలపై బ్రదుకువారు తమిళము నేర్వవలెను. మన పిల్లలు చక్కగా నేర్చుచున్నారు కూడ. మా దిగులు వేఱు. పుస్తకములోని తెలుగును మేము నేర్పగలము. ఇంటిలోని తెలుగును మేము నేర్పలేము. అది పనితోడనే వచ్చును, పనితోడనే పోవును.

ఆ తిన్నెపై ఒక్క మధ్యాహ్నమున మేము వ్రాసికొన్న మాటలను చూడుడు: బెజ్జము, పోగు, పురి, పేట, కుచ్చు, కొంగు, మాసిక, అతుకు, టాకా, మడత, పొర. తొమ్మిదవ తరగతిలో వీనిలో సగము తెలిసినవారు పదిమంది లేరు. 'కుట్టు' అను ఒక్క క్రియనే తీసికొనుడు. తేలు కుట్టును, చెవులు కుట్టుదురు, విస్తరి కుట్టుదురు, పొరుగువాని సంపదను చూచి కన్ను కుట్టును. సూది పట్టిన చేతికి ఈ అర్థములన్నియు ఒక్క పొడుపులో తెలియును. మేము నల్లబల్లపై గంటసేపు చెప్పినను తెలియవు. తమిళమున 'నూల్' అనగా దారము, గ్రంథము కూడ. మన 'నూలు' దారమువద్దనే ఆగినది. ఇట్టి పోలికలను సైతము సూదిదారములు ఎదుట నున్నప్పుడే పిల్లలు ఆసక్తితో విందురు.

ఆక్షేపణలు లేకపోలేదు. పరీక్షలకు చదువవలసిన పిల్లలతో బొంతలు కుట్టింతురా యని ఒక తండ్రిగారు అడిగిరి. వారమునకు ఒక్క పీరియడు చేతిపనికి కాలపట్టికలోనే యున్నది. అది నేడు ఎట్లు గడచుచున్నదో వారికిని మాకును తెలియును. ఇది ఆడపిల్లల పని గదా యని మఱియొకరనిరి. వారి చొక్కాను కుట్టిన దర్జీ మగవాడే. బాలురు కుట్టనిచో ఈ పని మొదలుపెట్టుటయే వలదని మా అభిప్రాయము, ఏలయన భోగిమంటలోనికి బొంతను తెచ్చినది బాలుడు.

ఒక తల్లి చెప్పిన మాటకు మాత్రము మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. "మేము బొంతమీద పండుకొని పెరిగినాము అయ్యవారూ. మా పిల్లలకు ఆ గతి వద్దనే కదా బడికి పంపేది" అని ఆమె అనెను. ఆమె కష్టమును మేము తేలికగా తలచుట లేదు. పిల్లలు బొంతపైననే పరుండవలెనని మేము కోరము. చలికి కంబళి కొనుడు, మంచిదే. కాని తన అవ్వ 15,000 మారులు సూది గ్రుచ్చినదని తెలిసిన బిడ్డ దానిని మంటలో వేయునా? అట్లు తెలియుటకే ఒక్కమారు కుట్టి చూడవలెనని మా విన్నపము.

ప్రధానోపాధ్యాయులు సమ్మతించిరి. వచ్చు శుక్రవారమునుండి చివరి రెండు పీరియడ్లు తొమ్మిదవ తరగతికి బొంతపని. విద్యార్థులు ఇంటనున్న పాత నూలుబట్టల ముక్కలను ఉతికి తేవలెను. పాలియెస్టరు వలదు. ప్రతి ముక్క ఎవరి చీరదో, ఏ పంచెదో ఇంట పెద్దలనడిగి నోటుపుస్తకమున తెలుగులో వ్రాసి తేవలెను. తమిళమున చెప్పినవారి మాటలను కూడ ఆ ప్రక్కన వ్రాయవచ్చును. సూదులు, దారము మేము తెత్తుము. ముగిసిన మొదటి బొంత మన ఊరి అంగన్వాడీ శిశువులకు పోవును.

నేర్పుటకు అవ్వ వచ్చెదనన్నది. ఆమె మనుమడు మొదటి వరుసలో కూర్చుండునట. సగములో ఆగిన తన రెండవ బొంతకు అమ్మగారి ఎఱ్ఱని అంచువంటిది ఎవరి యింటనైన దొరకిన తెచ్చి పెట్టుమని మమ్మడిగినది. తలిదండ్రులలో ఎవరికైన అట్టిది కనబడినచో బడికి పంపగోరుచున్నాము. మఱియొకటి: నాలుగు గంటలకు ఆమెను విడిచిపెట్టవలెను. అది ఆవును పితుకు వేళ.