ఊరూ పేరూ ఉన్న కానుకలు

2024 మార్చిలో ‘ఆర్‌ఆర్‌ఆర్’ ప్రదర్శనకని దర్శకుడు రాజమౌళి జపాన్ వెళ్లినప్పుడు 83 ఏళ్ల పెద్దావిడ ఒకరు ఆయనకు ఒక కానుక పంపారు. కాగితాలు మడిచి చేసిన వెయ్యి కొంగలు. అయినవాళ్లు చల్లగా ఉండాలని కోరుకుంటూ అక్కడివాళ్లు అలా కొంగలు చేసి ఇస్తారు. సినిమా తనకు సంతోషాన్నిచ్చిందన్నదొక్కటే ఆవిడకున్న కారణం. కానుక పంపించి, తాను చలిలో బయటే నిలబడ్డారు. ఈ సంగతంతా రాజమౌళే ఫొటోలతో సహా పదిమందికీ చెప్పారు. కొన్నింటికి రుణం తీర్చుకోలేమని, కృతజ్ఞత చెప్పుకోవడమే మిగులుతుందని రాశారు.

కానుకను ఎలా పుచ్చుకోవాలో ఇంతకన్నా బాగా చూపించడం కష్టం. చేసిందెవరో చెప్పారు, ఎందుకు చేశారో చెప్పారు, అది తనకెంత విలువైనదో చెప్పారు. సినిమాల మీద, కథల మీద, ఆటల మీద ప్రేమకొద్దీ అభిమానులు రోజూ ఎన్నో చేస్తుంటారు. వాటిలో చాలావాటికి ఈ మూడింట్లో ఒక్కటీ దక్కదు.

ఆ ‘ఆర్‌ఆర్‌ఆర్’ సంగతే తీసుకుందాం. 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైన దగ్గర్నుంచి అక్కడి అభిమానులు దానిమీద వేసిన బొమ్మలకు లెక్కలేదు. భీముడి భుజాల మీద రాముడు ఎక్కిన దృశ్యాన్ని ఎన్ని చేతులు ఎన్ని తీర్లుగా గీశాయో చెప్పలేం. ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే సైట్‌లో ఆ ఇద్దరి స్నేహాన్ని సినిమా ఆపిన చోటు నుంచి పొడిగిస్తూ రాసిన కథలు వందలకొద్దీ ఉన్నాయి. రాసినవాళ్లలో తెలుగు ముక్క రానివాళ్లూ ఉన్నారు. ఇక మన దగ్గర హీరో పుట్టినరోజుకు ముందే బయటికొచ్చే కామన్ డీపీలు, మాషప్ వీడియోలు, టీజర్ వచ్చిన గంటకల్లా తయారయ్యే పోస్టర్లు ఉండనే ఉన్నాయి. ఒక్క మాషప్ వెనక పాతిక సినిమాల ఫుటేజీ వెతకడం, బీటుకు కట్ సరిపోయేదాకా తెల్లవార్లూ కూర్చోవడం ఉంటుంది. దానికి జీతం లేదు, బత్తా లేదు. చాలాసార్లు పేరూ లేదు.

ఈ అలవాటు ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ సీరియల్ అభిమానులు 1967లోనే ‘స్పాకనేలియా’ అని సొంత పత్రిక సైక్లోస్టైల్ చేసి పంచుకున్నారు. తమ బొమ్మల కథల పుస్తకాలను తామే అచ్చువేసుకునే జపాన్ అభిమానులు 1975 డిసెంబరులో టోక్యోలో ‘కామికెట్’ అనే సంత పెట్టుకున్నారు. మొదటిసారి వచ్చింది 32 బృందాలు, సుమారు 700 మంది. ఇప్పుడు దానికి లక్షల్లో జనం వస్తారు.

ఆర్కైవ్ కథ ఇంకా ముచ్చటైనది. 2007లో ఒక కంపెనీ అభిమానుల కథలను ఒకచోట చేర్చి వ్యాపారం చేసుకుందామని చూసింది. రాసేవాళ్లకు అది నచ్చలేదు. మన కథలు ఉండే చోటు మన చేతిలోనే ఉండాలి, సర్వర్లు కూడా మనవే కావాలి అని కొందరు పట్టుబట్టారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అలా లాభాపేక్ష లేని ఒక సంస్థ ఏర్పడింది. 2009 నవంబరులో సైట్ అందరికీ తెరుచుకుంది. ఆడవాళ్లు రాయాలంటే తమదంటూ ఒక గది కావాలన్న వర్జీనియా వుల్ఫ్ పుస్తకాన్ని తలపించేలా దానికి పేరు పెట్టుకున్నారు. ఈనాటికీ అది విరాళాల మీద, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల మీద నడుస్తోంది. ప్రకటనలు లేవు. 2019లో సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డు ఆ సైట్‌కు వచ్చింది. డబ్లిన్‌లో దాన్ని అందుకున్న రచయిత్రి నయోమీ నోవిక్ హాల్లో దీపాలు వెలిగించమని అడిగి, ఇందులో తమకూ భాగముందనుకునే వాళ్లందరూ లేచి నిలబడాలని కోరారు. ఒక్కరు అందుకున్న బహుమతిని హాలంతా పంచారు.

అంత పెద్ద గౌరవాలు ఎప్పుడోగానీ రావు. రోజువారీ బతుకు చిన్న చిన్న మాటల మీదే సాగుతుంది. ఆ సైట్‌లో కథ నచ్చితే ‘కుడోస్’ అనే బొత్తాం నొక్కవచ్చు, ఒక కథకు ఒక్కసారే. మాట రాయాలనిపిస్తే కామెంట్ రాయవచ్చు. కథ పేరు కింద ఎన్నిసార్లు తెరిచారో, ఎంతమంది బొత్తాం నొక్కారో, ఎన్ని కామెంట్లు రాశారో పక్కపక్కనే కనిపిస్తాయి. చాలాసార్లు మొదటి అంకె పెద్దది, రెండోది అందులో పిసరంత, మూడోది మరీ తక్కువ. చదివి మెచ్చుకుని కూడా చప్పుడు చేయకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువన్నమాట. నోముల్లో వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చేవారు ఒక మాట అంటారు, పుచ్చుకునేవారు తిరిగి ఒక మాట అంటారు. ఆ రెండో మాట పడితేనే ఇచ్చినది చెల్లినట్టు. అభిమానులు చేసేవాటిలో చాలావరకు ఆ రెండో మాట పడక మధ్యలోనే ఉండిపోతున్నాయి.

మాట పడకపోవడం ఒక లోటు. పేరు చెరిపేయడం అంతకన్నా పెద్దది. ఒక బొమ్మ ఎలా తిరుగుతుందో చూడండి. జపాన్‌లో ఎవరో ఉద్యోగం చేసుకునే అమ్మాయి నాలుగు రాత్రులు కూర్చుని రాముణ్నీ భీముణ్నీ గీసిందనుకుందాం. కింద కుడి మూలన చిన్న అక్షరాల్లో సంతకం పెట్టింది. పోస్టుతోపాటు జపనీస్‌లో ఒక లైను రాసింది, అనుమతి లేకుండా తిరిగి పోస్టు చేయవద్దని. అక్కడి బొమ్మల సైట్లలో తరచూ కనిపించే లైనే అది. మన అభిమాని ఒకరికి బొమ్మ తెగ నచ్చింది. స్క్రీన్‌షాట్ తీశాడు. పేజీలో పట్టడానికి నలుచదరంగా కత్తిరించాడు. ఆ కత్తిరింపులో సంతకం పోయింది. దాని స్థానంలో పేజీ లోగో చేరింది. అక్కణ్నుంచి ఇంకో పేజీ, వాట్సాప్ స్టేటస్, టీషర్ట్. పైన ‘క్రెడిట్స్ టు రెస్పెక్టివ్ ఓనర్’ అని ఒక ముక్క తగిలిస్తారు. ఆ ఓనర్ ఎవరో వెతికే శ్రమ పడలేదని ఒప్పుకోవడం తప్ప దానికి వేరే అర్థం లేదు. వేల లైకులు వస్తాయి. వేసిన అమ్మాయికి ఒక్కటీ చేరదు.

‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమానే 2024 జనవరిలో జపాన్‌లోని తకరాజుకా రెవ్యూ, అందరూ ఆడవాళ్లే నటించే నాటక సంస్థ, రంగస్థలం మీదికి తెచ్చింది. అది హక్కులు తీసుకుని చేసిన పని. అక్కడ ఎవరి పేరు ఎక్కడ వేయాలో కాగితం మీదే ఉంటుంది. ఒప్పందం ఉన్నచోట పేరు దానంతటదే పడుతుంది. ఒప్పందం లేనిచోటే మర్యాదతో పని.

ఇక్కడొక మాట వినిపిస్తుంది. పాత్రలే వాళ్లవి కానప్పుడు, కథ ఇంకొకరిదైనప్పుడు, వీళ్లకు పేరు మీద అంత పట్టెందుకు అని. చట్టం దృష్టిలో ఏది ఎవరికి చెందుతుందన్న లెక్క దేశానికో తీరుగా ఉంటుంది, దాన్ని లాయర్లకు వదిలేద్దాం. మన ఇళ్లలో పాడుకున్న పాటలు చాలు దీనికి జవాబు చెప్పడానికి. రామాయణం వాల్మీకిది. ఊర్మిళ ఆయన పాత్రే. కానీ లక్ష్మణుడు అడవికి వెళ్లిన పద్నాలుగేళ్లూ ఆమె నిద్రలోనే గడిపిందని, తిరిగొచ్చిన మొగుణ్ని ఎవరో పరాయివాడనుకుని నిలదీసిందని పాట కట్టింది తెలుగు ఆడవాళ్లు. ఆ నిద్ర వాల్మీకిలో లేదు, ఆ పాట కట్టిన ఇల్లాలి సొంతం. వెల్చేరు నారాయణరావు ఈ పాటల మీద 1991లో అచ్చయిన ఇంగ్లిష్ వ్యాసానికి ‘ఎ రామాయణ ఆఫ్ దెయిర్ ఓన్’ అని పేరు పెట్టారు. ఆ పేరులోనూ వుల్ఫ్ పుస్తకం నీడ కనిపిస్తుంది. పెద్ద కథలో తమకు దొరకని చోటును తామే కట్టుకున్న ఆడవాళ్లు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు.

ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, శాంత గోవిందనామాలు, ఇవన్నీ మనకు మిగిలాయి. కట్టినవాళ్ల పేర్లు మిగల్లేదు. నోటి నుంచి నోటికి వెళ్లిన పాటకు సంతకం ఎక్కడ పెట్టుకుంటారు? ఆ కాలానికి వీలు లేకపోయింది, వాళ్లను తప్పు పట్టలేం. ఇవాళ పేరు బొమ్మ మూలనే ఉంది, కథ పైనే ఉంది. కళ్లెదుట ఉన్న పేరును మనమే కత్తిరించి పారేస్తే దానికి కాలాన్ని నిందించే వీల్లేదు.

పేరుతోపాటు చూసుకోవాల్సినది, ఆ బొమ్మ లేదా కథ ఎవరికోసం పెట్టిందన్న సంగతి. 2013 డిసెంబరులో లండన్‌లో బీబీసీ ‘షెర్లాక్’ కొత్త భాగం ప్రదర్శన తర్వాత, వేదిక మీద ప్రశ్నలు అడుగుతున్న పత్రికా రచయిత్రి ఒకరు ఒక అభిమాని రాసిన కథలోని ముక్కను తీసి, నటించిన హీరోల చేతనే చదివించారు. రాసినవారి అనుమతి అడగలేదు. హాలు నవ్వింది, నటులు ఇబ్బంది పడ్డారు, రాసిన మనిషి నొచ్చుకున్నారు. నలుగురు తనవాళ్ల మధ్య చెప్పుకున్న మాటను బజారులో మైకు పెట్టి వినిపిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. మన టీవీ షోల్లోనూ, ప్రమోషన్ ఇంటర్వ్యూల్లోనూ అభిమానుల రాతలను చూపించి నవ్వించే ముందు దీన్ని కాస్త తలుచుకుంటే బాగుంటుంది.

సొమ్ము చేసుకోవడం మరో రకం. ఊరికే చదువుకోమని పెట్టిన కథలను ఎవరో బైండింగ్ చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకున్నారు. చట్టం చిక్కులు తమ మెడకు చుట్టుకుంటాయేమోనని కొందరు రచయితలు కథలనే తీసేశారు. 2025లో ఇంకో పెద్ద దెబ్బ తగిలింది. ఆర్కైవ్‌లోని సుమారు కోటీ 26 లక్షల రచనలను ఒకరు గంపగుత్తగా దించుకుని, కృత్రిమ మేధకు శిక్షణనిచ్చే డేటా దొరికే ఒక వేదిక మీద పెట్టేశారు. ఆర్కైవ్ నడిపే సంస్థ అభ్యంతరం చెప్పింది. చాలామంది రచయితలు తమ కథలకు తాళం వేసి, ఖాతా ఉన్నవాళ్లకు మాత్రమే కనిపించేలా చేసుకున్నారు. అమ్ముకున్నదీ దించుకున్నదీ ఏ కొద్దిమందో. తలుపు మూసుకుపోయింది మాత్రం ఊరికే వచ్చి చదువుకునే పాఠకులందరికీ.

గౌరవించడమంటే అన్నింటినీ పొగడాలని కాదు. టికెట్ కొని చూసిన సినిమాను తిట్టే హక్కు ప్రేక్షకుడికి ఉంది. ఊరికే ఇచ్చినదాని దగ్గర ఆ లెక్క నడవదు. కథలో ఏముంటుందో రాసినవాళ్లు ముందే ట్యాగుల్లో చెబుతారు. అది మనకు సరిపడదనుకుంటే తెరవకుండా ఊరుకోవచ్చు. తెరిచి, చదివి, ఇలా ఎందుకు రాశావని కింద తిట్లు రాయడం పెద్దమనిషి తరహా కాదు. తప్పులు చెప్పమని వాళ్లే అడిగితే అది వేరు. మన దగ్గర దీనికి ఫ్యాన్ వార్ ఒకటి తోడైంది. ఎదుటి హీరో బొమ్మ వేశాడన్న ఒక్క కారణంతో, గీత ఎంత బాగున్నా, ఆ కుర్రాడి ఇంట్లోవాళ్లను కూడా వదలకుండా బూతులు తిట్టేవాళ్లున్నారు. అలాంటి నాలుగు రోజులు చూసినవాడు అయిదో రోజు పెన్ను పట్టుకోడు.

‘నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?’ అన్న ప్రశ్నకూ ఇదే వర్తిస్తుంది. అడిగేవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. కానీ రాసేవారికి పరీక్షలుంటాయి, ఉద్యోగముంటుంది, ఇంట్లో జ్వరాలుంటాయి. ఏ మాటా చెప్పకుండా వాయిదా మాత్రం అడిగితే అది అప్పు వసూలుకు వచ్చినట్టే వినిపిస్తుంది. ఫలానా చోట నాకు ఏడుపొచ్చిందనో, ఫలానా డైలాగ్‌కు పడీ పడీ నవ్వాననో రెండు లైన్లు రాయండి. తర్వాతి భాగం కోసం ఎదురుచూస్తున్నారన్నది వాళ్లకే అర్థమవుతుంది.

ఇచ్చేవాళ్లకూ కొన్ని బాధ్యతలున్నాయి. మూలం ఎవరిదో చెప్పాలి. ఇంకొకరి గీతను కింద పెట్టుకుని పైన గీస్తే ఆ సంగతి దాచకూడదు. పిల్లలకు తగనిది ఉంటే ముందే హెచ్చరించాలి. పేరు కోరుకునేవాళ్లు పేరు ఇవ్వడంలోనూ ముందుండాలి.

ఇవేవీ డబ్బు ఖర్చయ్యే పనులు కావు. బొమ్మ నచ్చితే స్క్రీన్‌షాట్ తీయకుండా వేసినవారి పోస్టునే షేర్ చేయండి. మీ పేజీలో పెట్టుకోవాలనిపిస్తే ముందు ఒక మెసేజ్ పెట్టి అడగండి. భాష రాకపోతే ఫోన్‌లోనే అనువాదం దొరుకుతుంది. వద్దంటే మానేయండి. పేరు లేకుండా తిరుగుతున్న బొమ్మ కనిపిస్తే, వేసిందెవరో మీకు తెలిస్తే, కింద ఆ పేరు రాయండి. పేజీలు నడిపేవాళ్లు లోగో వేసుకునే ముందు సంతకం ఉందో లేదో చూసుకోండి. కథ చదివి బాగుందనుకుంటే ఆ ‘బాగుంది’ అన్న ముక్కను మనసులో ఉంచుకోకుండా అక్కడే రాసి రండి. ఊరికే ఇచ్చేవాళ్లు మననుంచి అడుగుతున్నది అంతే.